వయోవృద్ధుల స్వచ్ఛంద సేవ (తిరుపతి–చిత్తూరు ప్రాంతం)

పెద్దవయసులో ప్రతిఫలం ఆశించకుండా చేసే సేవకు ఈ ప్రాంతంలో పెద్ద కేంద్రం తిరుమల. అక్కడ చెప్పుకునే తొలి సేవకుల్లో ఒకరు వృద్ధుడే. రామానుజాచార్యుల మేనమామ తిరుమలనంబి రోజూ పాపవినాశనం నుంచి అభిషేక జలం కుండతో మోసుకొచ్చేవారు. వయసు మీదపడ్డాక ఒకనాడు స్వామి బోయవాని వేషంలో ఎదురై ‘తాతా, దాహం’ అంటూ ఆ నీళ్లన్నీ తాగేసి, కొండకు బాణం వేసి దగ్గరలోనే ఆకాశగంగను చూపాడని స్థలపురాణం. నంబి కైంకర్యం ఆగలేదు, నడవాల్సిన దూరం మాత్రం తగ్గింది. అధ్యయనోత్సవాలు ముగిశాక జరిగే తణ్ణీరముదు ఉత్సవం ఈ ఘట్టానిదే.

ఆ తరువాతి శతాబ్దాల శాసనాల్లో దాతల పేర్లు దండిగా ఉన్నాయి, ఒళ్లొంచి పనిచేసినవారివి అరుదు. పూర్వపు చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన కవయిత్రి వెంగమాంబ (1730–1817) తుదిశ్వాస దాకా కొండపైనే ఉన్నారు. ఆమె చలివేంద్రం, అన్నదానం నడిపారని ప్రతీతి. దేవస్థానం 1985లో ప్రారంభించిన నిత్యాన్నదానానికి నేడు నెలవైన భవన సముదాయానికి ఆమె పేరే పెట్టడం సముచితం.

వార్ధక్యాన్ని శాస్త్రంగా చూడడం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర శాఖతో బలపడింది. ఆచార్య పి.వి.రామమూర్తి, ఆచార్య డి.జమున ఈ రంగంలో దేశంలోనే ముందువరుసలోని పరిశోధకులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ‘చురుకైన వార్ధక్యం’ విధాన పత్రం వెలువరించి ఆరోగ్యం, భాగస్వామ్యం, భద్రతలను దానికి మూలస్తంభాలుగా పేర్కొంది.

దేవస్థానం 2000లో 195 మందితో మొదలుపెట్టిన శ్రీవారి సేవ ఆ భాగస్వామ్యానికి చక్కని నమూనా. ఊరి నుంచి బృందంగా వచ్చినవారు కండువా వేసుకుని క్యూలైన్లలో పాలు, నీళ్లు అందిస్తారు, కూరగాయలు తరుగుతారు, పూలు కడతారు, అన్నప్రసాదం వడ్డిస్తారు. గుమ్మడికాయల గుట్ట ముందు కత్తిపీట వేసుకుని కూర్చున్న, విరమణకు దగ్గరపడ్డ పంతులమ్మ పక్కన కాలేజీ అమ్మాయి కూడా ఉంటుంది. 2012లో హుండీ కానుకల లెక్కింపుకు పరకామణి సేవ వచ్చింది.

ఒక చిక్కు మాత్రం చాలాకాలం ఉండిపోయింది. సాధారణ సేవకు వయోపరిమితి 18–60 ఏళ్లు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసేమో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. అంటే తీరిక దొరికేసరికి అర్హత పోయేది. అదే కొండపై 65 నిండినవారికి ప్రత్యేక దర్శనం ఉండేది, పని ఉండేది కాదు. 2025లో తెచ్చిన గ్రూప్ సూపర్‌వైజర్ల సేవకు 45–70 ఏళ్లవారిని తీసుకోవడంతో, విశ్రాంత ఉద్యోగుల అజమాయిషీ అనుభవానికి చోటు దక్కింది. 70 దాటినవారి సేవ ఎక్కువగా ఊళ్లలోని రామమందిరాల భజనల్లో, గుడి పనుల్లో సాగుతోంది. దానికి నమోదు పుస్తకం లేదు.