చొక్కా చెప్పే చరిత్ర
చీరకు అంచు, కొంగు, కుచ్చిళ్లు, పంచెకు గోచి: ఇవన్నీ ఇంటి మాటలే. చొక్కా దగ్గరికొస్తే జేబు అరబ్బీది, బొత్తామూ దాన్ని పట్టే కాజా పోర్చుగీసువి, కాలరు ఇంగ్లీషుది. కుట్టిన బట్ట మనకు విడతలవారీగా, భాగాల పేర్లతో సహా అందిందన్నమాట. మరి రవిక మాటేమిటంటారా? నిజమే, కుట్టు మనకు కొత్త కాదు. కానీ ముడి రవికకు బొత్తాంతో పనిలేదు. లేని భాగానికి పేరెందుకుంటుంది? లేపాక్షి గుడిలోని 16వ శతాబ్దపు విజయనగర కాలం చిత్రాల్లో మగవాళ్లు కబాయి అనే పొడవాటి అంగీ తొడుక్కుని, నెత్తిన కుళ్లాయి అనే టోపీతో కనిపిస్తారు. ఆ రెండు పేర్లూ పారశీకం మీదుగా వచ్చినవే. విజయనగరానికి సుల్తానులతో పోరు వేరు, కొలువు వేషం వేరు. అయితే అన్నీ అరువు కాదు: చొక్కా చేతులకు ఒంటి చేతుల పేరే పెట్టుకున్నాం.