ప్రేవులకు మరలివచ్చిన రక్తము: ఒక ఎంజైము చరిత్ర

ప్రాణవాయువు జీవులకు ఆధారమనుట సర్వవిదితము. అయినను రక్తప్రవాహము కొంతతడవు నిలిచిపోయిన ప్రేవులకు, మరలివచ్చు రక్తముతో చేరిన ఆ వాయువే హాని కలిగింపగలదనుట ఇరువదవ శతాబ్దపు పరిశోధనాఫలము. వేర్వేరు దేశములవారు వేర్వేరు ఉద్దేశములతో కనుగొనిన సత్యములు ఒకచోట కలియుటచే ఈ జ్ఞానము సిద్ధించినది.

ఇందు మొదటి మెట్టు పాలయందు కలదు. కాచని పాలు ఫార్మాల్డిహైడు సమక్షమున మిథిలీన్ బ్లూ రంగును పోగొట్టుననియు, కాచిన పాలకు ఆ శక్తి యుండదనియు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ షార్డింగర్ 1902లో చూపెను. ఆ శక్తికి మూలమైన ఎంజైమునే తరువాతివారు జాంథిన్ ఆక్సిడేజు అనిరి. అది ప్రేవుల లోపలి పొరయందును సమృద్ధిగా కలదు.

రెండవ మెట్టున తెలుగువారు స్మరింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించి మదరాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఎ.టి.పి. అను శక్తిద్రవ్యమును వెల్లడించెను. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. రక్తమందని కణములలో తరిగిపోవునది ఈ ద్రవ్యమే. అది విచ్ఛిన్నమై తుదకు హైపోజాంథిన్ రూపమున పోగుపడును.

మూడవ మెట్టు డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందినది. జాంథిన్ ఆక్సిడేజు పనిచేయునపుడు సూపరాక్సైడను తీవ్రపదార్థము పుట్టునని గుర్తించిన జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడొవిచ్‌లు, దానిని నిర్వీర్యము చేయు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజు అను ఎంజైమును 1969లో ప్రకటించిరి.

ఈ మూడు పాయలు 1981లో కలిసినవి. గ్రేంజర్, రుటిలి, మెక్‌కార్డ్‌లు పిల్లి ప్రేవులకు రక్తము తగ్గించి పరీక్షింపగా, కేశనాళికల గోడలనుండి ద్రవము అధికముగా స్రవించెను. ముందుగా డిస్మ్యుటేజు నిచ్చినచో ఆ స్రావము తగ్గెను. పోగుపడిన హైపోజాంథిన్, మరల చేరిన ఆమ్లజని, నడుమ నున్న ఎంజైము, ఈ మూటి కలయికచే సూపరాక్సైడు పుట్టుచున్నదని వారు ఊహించిరి. 1986లో పార్క్స్, గ్రేంజర్‌లు ఈ విషయమును మరింత స్పష్టపరచిరి. నాలుగు గంటలు రక్తము లేకుండుటకంటె, మూడు గంటలు లేక పిమ్మట ఒక గంట రక్తము మరల ప్రవహించుటవలననే ప్రేవుల పొరకు ఎక్కువ గాయమయ్యెను.

అట్లని రక్తమును మరల ప్రవహింపజేయుట మానరాదు. మానినచో ప్రేవు నశించును, రోగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. శస్త్రవైద్యునికి కాలవిలంబమే ప్రధానశత్రువు. జాంథిన్ ఆక్సిడేజును అణచు ఆలోప్యురినాల్ జంతువులయందు మేలుచేసినను, మానవులకు ఈ గాయమున నిత్యచికిత్సగా నిలువలేదు. శ్వేతకణములు మొదలగు ఇతర కారణములును కలవు.

1948లో కీర్తిశేషుడైన సుబ్బారావు ఈ ఫలితములను చూడలేదు. అయినను ఒకరు వేసిన పునాదిపై, వారెరుగని మరొకరు గోడ కట్టుదురనుటకు ఈ చరిత్రయే నిదర్శనము.