స్ప్రింక్లర్లు బిగించేవారికి లైసెన్సు నిబంధనలు: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం

మంట వేడికి తనంతట తాను తెరుచుకుని నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లను ఎవరు బిగించాలి, వారికి ఏ అర్హత ఉండాలి అన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా తేల్చుకున్న విషయం. అగ్నిమాపక సేవలు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలక సంఘాల బాధ్యతల్లో ఉన్నాయి. చట్టాలు చేసేది మాత్రం రాష్ట్రాలు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వర్తించేది 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టం విభజన తర్వాత తెలంగాణలోనూ కొనసాగుతోంది. దాని అమలుకు నియమాలు 2006లో వచ్చాయి.

18 మీటర్లు దాటిన నివాస భవనాలకు, 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు హద్దు ఇంకా తక్కువ. ప్లాను దశలో తాత్కాలిక పత్రం, కట్టడం పూర్తయి తనిఖీ జరిగాక వాడకానికి పత్రం ఇస్తారు. తనిఖీకి ఆధారం 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగో భాగం. స్ప్రింక్లర్ల రూపకల్పనకు, అమరికకు విడిగా ఐఎస్ 15105 ప్రమాణం ఉంది.

ఈ పత్రం భవనానికి ఇచ్చేది, పైపు బిగించిన చేతికి కాదు. లోపం బయటపడితే చట్టం ముందుగా పట్టుకునేది యజమానిని. కానీ స్ప్రింక్లర్ల పనిలో తప్పులన్నీ ఫాల్స్ సీలింగు మూసేశాక కంటికి కనపడనివే. మలుపుల దగ్గర సన్నబడిన పైపు, పంపు నుంచి చివరి స్ప్రింక్లరు దాకా లెక్కగట్టని ఒత్తిడి, సగం మూసిన వాల్వు వంటివి ఒక్క పూట తనిఖీలో అన్నీ దొరకవు. అందుకే బిగించేవారి అర్హత కాగితం మీది లాంఛనం కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఈ ప్రాంతపు ఎండే మంచి ఉదాహరణ. స్ప్రింక్లరు గాజు బల్బు రంగును బట్టి అది పగిలే వేడి తెలుస్తుంది: ఎరుపు 68 డిగ్రీలు, పసుపు 79, ఆకుపచ్చ 93. ఆ చోట ఉండగల గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే బల్బు కనీసం 30 డిగ్రీలు ఎక్కువ తట్టుకోవాలన్నది పాటించే లెక్క. మే నెలలో నల్లగొండ ఎండకు మిల్లు రేకు కింద 50 డిగ్రీలే అనుకున్నా 80 దాటిన బల్బు కావాలి. అంటే అక్కడ ఆకుపచ్చది బిగించాలి. ఏసీ ఆఫీసులో సరిపోయే ఎర్ర బల్బులనే అలవాటుగా తెచ్చి గోదాముకు పెట్టే ఫిట్టరుకు ఈ సంగతి ఎవరో ఒకరు నేర్పి ఉండాలి, నేర్చుకున్నాడో లేదో ఎవరో ఒకరు పరీక్షించి ఉండాలి.

అదే భవనంలో కరెంటు పనికి పద్ధతి వేరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల ప్రకారం, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనల ప్రకారం కూడా, బల్బు మార్చడం వంటి చిన్న పనులు తప్ప మిగతావి లైసెన్సున్న కాంట్రాక్టరే, అర్హత పత్రమున్న సూపర్‌వైజరు ఎదుటే చేయించాలి. కాబట్టి స్ప్రింక్లర్లకు నీళ్లు తోడే ఫైర్ పంపు వైరింగు ఈ లైసెన్సు పరిధిలోకే వస్తుంది.

పొరుగున మహారాష్ట్ర ఇదే పద్ధతిని అగ్ని భద్రతకూ తెచ్చింది. అక్కడి 2006 అగ్ని నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం కింద రాష్ట్ర అగ్నిమాపక సేవల విభాగం లైసెన్సు ఇచ్చిన ఏజెన్సీలే ఈ పనులు చేయాలి. బిగించాక ఫారం ‘ఎ’, ఆ తర్వాత ఏటా జనవరిలో, జులైలో వ్యవస్థ పనిచేస్తోందని ఫారం ‘బి’ ఇవ్వాలి. తెలంగాణ ఆదర్శంగా తీసుకోదగిన నమూనా ఇది. ముఖ్యంగా ఆరు నెలలకోసారి లైసెన్సుదారు సంతకం పెట్టాలన్న నిబంధన మంచిది.

అమెరికాలో దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. కాలిఫోర్నియాలో సి-16 కాంట్రాక్టరు లైసెన్సుకు నాలుగేళ్ల పని అనుభవం, పరీక్ష అవసరం. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌లో సంస్థకు రిజిస్ట్రేషనుతో పాటు, లైసెన్సు ఉన్న బాధ్యుడైన ఉద్యోగి పూర్తికాలం పనిచేస్తుండాలి. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్ఎఫ్‌పీఏ) 13వ నంబరు ప్రమాణం ప్రకారం కొత్త పైపులను దాదాపు 14 బార్ల ఒత్తిడితో 2 గంటలు పరీక్షిస్తారు.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల పరిశ్రమలు, బీబీనగర్ ఎయిమ్స్, మిర్యాలగూడ రైస్ మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు: ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో అగ్ని భద్రత పని ఎక్కువగా ఉండేది ఇక్కడే. అన్నిటికీ ఒకే మందు పనికిరాదు. పత్తి బేళ్ల లోపల రాజుకున్న నిప్పును పైనుంచి పడే నీళ్లు వెంటనే చేరవు. చమురు ట్రాన్స్‌ఫార్మర్లకు, విద్యుత్ ప్యానెళ్లకు వేరే ఏర్పాట్లు కావాలి. విద్యుత్ పరికరాలున్న చోట మంట ఎంత ప్రాణాంతకమో ఈ ప్రాంతానికి తెలుసు: 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు.

నీటి లెక్క మరొకటి. కె-80 రకం స్ప్రింక్లరు ఒక బారు ఒత్తిడిలో నిమిషానికి 80 లీటర్లు పోస్తుంది. మంట దగ్గరున్నవే తెరుచుకుంటాయి గానీ సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కావు. ఆరు తెరుచుకుంటే అరగంటకు 14,400 లీటర్లు. వేసవిలో బోర్లు ఎండే ఊళ్లలో ఈ నీటిని తోటకు, కడుగుడుకు వాడకుండా విడిగా ట్యాంకులో నిలవ ఉంచాలి. ఈ గ్రానైటు నేల బోరునీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి కాబట్టి పైపుల్లో, వాల్వుల్లో పేరుకునే గారను కూడా చూసుకోవాలి. పని ముగిశాక కాంట్రాక్టరు నుంచి బిగించినది బిగించినట్టు చూపే డ్రాయింగు, నీటి ఒత్తిడి లెక్కలు, పరీక్ష నివేదిక, ఐఎస్ఐ గుర్తున్న సామగ్రి బిల్లులు తీసుకుని యజమాని భద్రపరచాలి.