ముసావాత్ అంటే సమీకరణం కూడా

మసీదులో ముసావాత్ అంటే అమీర్, గరీబ్ ఒకే సఫ్‌లో నిలబడటం. ఉర్దూ మీడియం లెక్కల క్లాసులో అదే మాటకు సమీకరణం అని అర్థం. బరాబర్ గుర్తుకు అటూ ఇటూ ఉన్నవి సమానం కావాలి కదా! నుక్తా అంటే బిందువు. ఖత్తె ముస్తఖీమ్ అంటే సరళరేఖ. ఖత్ అంటే ఉత్తరం కూడా, అందుకే మా క్లాసులో ఈ పాఠం రోజు నవ్వులు ఆగేవి కావు. వాలును ఢలాన్ అంటాం.

ఈ ఇస్తిలాహాత్ వెనక పెద్ద మెహనత్ ఉంది. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిమ్. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది, మరుసటి ఏడు క్లాసులు మొదలయ్యాయి. రియాజీ నుంచి డాక్టరీ దాకా ఉర్దూలో చెప్పాలంటే కితాబులు కావాలి, కితాబులకు మాటలు కావాలి. ఆ మాటలు ఎలా పుట్టించాలో చెబుతూ వహీదుద్దీన్ సలీమ్ 1921లో ‘వజ్‌యె ఇస్తిలాహాత్’ అనే కితాబే రాశారు. రియాసత్‌లో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు. వాళ్ల పిల్లలకు ఈ ఉర్దూ పరాయి జబానే. ఆ మాట దాచకూడదు.

అంతా మనవాళ్లే కనిపెట్టారనే షేఖీ కూడా నాకు నచ్చదు. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలను మాటల్లోనే విప్పాడు. తెలియని దాన్ని ‘షై’ అన్నాడు, అంటే వస్తువు. ఉమర్ ఖయ్యామ్ ఘన సమీకరణాలను వక్రరేఖల సాయంతో సాధించాడు. రేఖను సమీకరణంగా రాసే పద్ధతి మాత్రం 17వ శతాబ్దంలో డెకార్ట్, ఫెర్మాల చేతుల్లో రూపుదిద్దుకుంది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లిష్ వచ్చింది. ఉర్దూ మాటలు బడులకే మిగిలాయి. అందుకే ఉర్దూలో పది పాసైన పిల్లలు ఇంటర్‌లో ‘స్లోప్ పాయింట్ ఫామ్’ అనగానే బిక్కమొహం వేస్తారు. వాళ్లకు రానిది లెక్క కాదు, ఆ పేరు.

బోయినపల్లి మండలంలో మాన్వాడ దగ్గర మిడ్ మానేరు ఉంది. అక్కడి పిల్లలకు కాలువ చూపించి చెప్పొచ్చు. ఒక నుక్తా గుండా ఎన్ని ఖత్‌లైనా గీయొచ్చు. ఢలాన్ కూడా చెబితే ఒక్కటే మిగులుతుంది. మాటవరసకు, ఒక కాలువ 4వ కిలోమీటరు దగ్గర దాని అడుగు 310 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అక్కడి నుంచి కిలోమీటరుకు పావు మీటరు దిగుతుంది. దిగుతోంది కాబట్టి ఢలాన్ మైనస్ పావు. దూరం ఎక్స్, ఎత్తు వై అనుకుంటే, వైలోంచి 310 తీసేస్తే వచ్చేదీ, ఎక్స్‌లోంచి 4 తీసేసి మైనస్ పావుతో గుణిస్తే వచ్చేదీ బరాబర్. సర్దితే, 311లోంచి ఎక్స్‌లో పావు వంతు తీసేస్తే వై. 12వ కిలోమీటరు దగ్గర ఎత్తెంత? 311లోంచి 3 పోతే 308.

ఇంటర్ కితాబులో ఆ 310ని వై1, 4ని ఎక్స్1, ఢలాన్‌ను ఎం అంటారు.