కూలి నుంచి సిండికేటు దాకా: పుష్ప సినిమా, పాలమూరు లేబరు (7వ భాగం)



పోయిన భాగాన్ని నిజాం కాలపు బగేలా దగ్గర ఆపాను. ఇవాళ దాన్ని ముందుకు తీసుకుపోవాలి. అంతకంటే ముందు ఒక సినిమా ముచ్చట.

మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు. 2021 డిసెంబర్ 17న పుష్ప విడుదలైతే, ఆ నెలలోనే మూడుసార్లు చూసిండు. సంక్రాంతికి ఊరికొచ్చి నన్ను అడిగిన మొదటి మాట: "అన్నా, గా పుష్పగాడు మనోడేనా?"

"మనోడు" అంటే ఏందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. హీరో లుంగీ కట్టిండు, చెమట కారుస్తుండు, దుంగలు మోస్తుండు, యజమాని ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుంటుండు. మా వాడ పిల్లగాళ్లకు ఆ ఒక్క సీను చాలు. మా తాత దొర గడి ముందునుంచి పోతే చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాడు. ఆయన మనవడు థియేటర్‌లో ఆ సీనుకు ఈల వేసిండంటే ఆ ఈలను నేను తప్పు పట్టలేను. నేను కూడా వేసేవాణ్నే, వయసు అడ్డమొచ్చింది.

కానీ వాడి ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయిన. మూడేళ్లకు, 2024 డిసెంబర్‌లో రెండో భాగం చూసినంక అర్థమైంది.

ఒకసారి పేర్లు చూడండి. ఆ సినిమాలో ఎర్రచందనం యజమానుల పేర్లు కొండారెడ్డి, జక్కారెడ్డి, జాలిరెడ్డి. యజమానులకు కులం ఉంది, పేరు చివర్లోనే ఉంది. కూలోడికి మాత్రం లేదు. పుష్పరాజ్. అంతే. సుకుమార్ తెలివైన దర్శకుడు, కథ నడపడం బాగా తెలిసినవాడు. కులం ఉండాల్సిన చోట ఆయన ఇంటిపేరు పెట్టిండు. పుష్ప తండ్రి పెద్దింటివాడు, తల్లిని పెళ్లి చేసుకోలేదు, అందుకని అన్నలు ఇంటిపేరు వాడుకోనివ్వరు. అవమానం అక్కడిది. రెండు సినిమాల పొడుగునా ఆ కోపమే ఇంధనం. చివరికేమైంది? రెండో భాగం ఆఖర్న ఆ అన్న మెత్తబడి తమ్ముణ్ని తమవాడని ఒప్పుకుంటాడు, ఇంటిపేరు కలుస్తుంది, కళ్లు తుడుచుకుంటారు.

అంటే ఆయన కోరిక ఆ ఇంటి గోడ పడగొట్టడం కాదు, ఆ ఇంట్లోకి పోవడం. నాయన పెద్దింటోడు అయితే ఈ కథ నడుస్తది. నాయన కూడా మాదిగోడే అయితే ఏ ఇంటిపేరు అడుక్కోవాలె? మాకు ఇంటిపేర్లు ఉన్నయి. వాటిని చెప్పగానే అవతలి మనిషి ముఖం మారుతుంది, అదీ మా బాధ. నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న గర్భిణి భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికించారు. ఆయనకు ఇంటిపేరు లేకపోవడం అక్కడ సమస్య కాదు కదా.

కాబట్టి తమ్ముడా, పుష్ప మనోడు కాదు. మనోని పని చేసినోడు. మేకప్‌తో మనోని రంగు పూసుకున్నోడు. ఆ నటనకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, ఆ అవార్డు అందుకున్న మొదటి తెలుగు నటుడు ఆయనే. బాగా చేసిండు, కాదనను.

ఇప్పుడు అసలు కూలీల దగ్గరికి పోదాం.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగే జాగా చాలా చిన్నది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, వాటి చుట్టుపక్కల. కడప, చిత్తూరు, నెల్లూరు దిక్కు. సినిమా అడవి చాలావరకు మారేడుమిల్లిలో తీసింది, అది గోదావరి అడవి, అక్కడ ఎర్రచందనం లేదు. సరుకు పోయేది చైనాకు ఫర్నిచర్ కోసం, జపాన్‌కు తంత్రీ వాద్యాల కోసం. చెట్టు నరకడం నేరం. అయితే పట్టుబడ్డ దుంగలను ప్రభుత్వమే గోదాముల్లో పెట్టి 2014 నుంచి అంతర్జాతీయ ఈ-వేలంలో అమ్ముతోంది. అదే దుంగ కూలోడి భుజం మీద ఉంటే స్మగ్లింగ్, గోదాములో ఉంటే ఆదాయం.

నరికేది ఎవరు? ఎక్కువమంది తమిళనాడు జవ్వాది కొండల మలయాళీ గిరిజనులు, తిరువణ్ణామలై, ధర్మపురి దిక్కు పేద కులాలవాళ్లు. గొడ్డలి పట్టడం తెలిసిన మనుషులు. ఊళ్లోకి ఏజెంటు వస్తాడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు, బస్సెక్కిస్తాడు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

2013 డిసెంబర్‌లో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను నరికేవాళ్ల గుంపు రాళ్లతో కొట్టి చంపింది. అది కూడా చెప్పాలి. వాళ్లూ జీతం కోసం అడవికి పోయినవాళ్లే. ఆ తర్వాత ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి దగ్గరి శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలను కాల్చి చంపారు. ఎదురుకాల్పులు అని పోలీసులన్నారు. బస్సుల్లోంచి దించి తీసుకుపోయారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర సాయం ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ సిఫార్సు చేసింది.

అదే రోజు, అదే 2015 ఏప్రిల్ 7న, మన నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను పోలీసు వాహనంలోనే కాల్చారు. చేతులకు బేడీలున్న శవాల ఫొటోలు దేశమంతా చూసింది. రెండు రాష్ట్రాలు, రెండు ప్రభుత్వాలు, ఒక్కటే తారీఖు. తుపాకులు పారిపోయాయని ఖైదీల మీద చెప్పింది, గొడ్డళ్లు విసిరారని కూలీల మీద చెప్పింది, అంతా ఆత్మరక్షణ ఖాతాలోనే పడింది.

ఇక పెద్దమనిషి సంగతి. ఎర్రచందనం కేసుల్లో నిందితుడైన కొల్లం గంగిరెడ్డి విదేశాలకు పోయి మారిషస్‌లో పట్టుబడ్డాడు. అదే 2015లో నవంబర్ నెలలో ఆయన్ను విమానంలో తెచ్చి కోర్టుకు అప్పజెప్పారు. సరిగ్గా చేశారు, ఎవరినైనా అలాగే చేయాలి. నేరమేదో కోర్టు తేల్చాలి. ఆ 20 మందికి మాత్రం ఆ విమానమూ లేదు, ఆ కోర్టూ లేదు.

పుష్పలో హీరో పైకెక్కే మెట్లు గుర్తున్నాయా? దుంగ మోస్తాడు, దాచే ఉపాయం చెప్తాడు, కమీషన్ అడుగుతాడు, చెన్నైలో అసలు ధర ఎంతో తెలుసుకుంటాడు, భాగస్వామి అవుతాడు, సిండికేటు తలకాయ అవుతాడు. అందులో కీలకమైన మెట్టు ధర తెలుసుకోవడం. ఈ ఒక్క విషయంలో సినిమా నిజం చెప్పింది. కూలోణ్ని కూలోడిగానే ఉంచేది బలం లేకపోవడం కాదు, తాను మోసే సరుకు విలువ తనకు తెలియకపోవడం, తన లెక్క తన చేతిలో లేకపోవడం.

పాలమూరుకు వద్దాం. బగేలా అంటే అప్పు తీర్చేదాకా దొర దగ్గర చాకిరీ. 1936లో నిజాం ప్రభుత్వం బగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చి, అప్పు కింద చేసే చాకిరీకి హద్దు పెట్టాలని చూసింది. పోయిన భాగంలో చెప్పినట్టు కాగితం మీదనే మిగిలింది. తర్వాత ఏమైంది? నల్లగొండలో సాయుధ పోరాటం వచ్చింది, దొరలు కొంతకాలం గడీలు వదిలి పట్నం చేరారు. పోలీసు చర్య వచ్చింది. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. దొర పేరు మాసిపోయింది. అప్పు మాత్రం ఊరు దాటింది. దొర దగ్గర తీసుకునే అప్పుకు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు అని కొత్త పేరు వచ్చింది.

పాలమూరు లేబర్ అనే మాట మనం పెట్టుకున్నది కాదు. నిజాంసాగర్ కట్టిన కాలం నుంచి కాంట్రాక్టర్ల నోట్లో అది సరుకు పేరు. సిమెంటు, కంకర, పాలమూరు లేబర్. మాదిగ, మాల, వడ్డెర, బోయ, లంబాడా. ఇంకా వెనక్కి పోతే బొంబాయిలో కామాటిపుర అనే పేరే నిజాం రాజ్యం నుంచి పోయిన కామాటీల వల్ల, అంటే మన కట్టడం కూలీల వల్ల వచ్చింది. ఆ పేరు తర్వాత ఇంకో అర్థంతో దేశానికి తెలిసింది, మొదట అక్కడ గుడిసెలు వేసుకున్నది రాళ్లు మోసిన మన ముత్తాతలే.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. రాతికట్టు డ్యాముల్లో ప్రపంచంలోనే పెద్దది. రాతికట్టు అంటే ఆలోచించండి, ప్రతి రాయినీ ఒక మనిషి తల మీదో భుజం మీదో పైకి ఎత్తాలి. ఆ తలల్లో పాలమూరు తలలు ఎన్నో. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలకు పోయింది, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం పోయింది. డ్యామున్న జిల్లాలోనే మునుగోడు, దేవరకొండ మెట్ట ఊళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయాయి. కట్టినోళ్ల పాలమూరుకు ఆ కాలువ చుక్క నీళ్లివ్వలేదు. అందుకే మళ్లీ ఇంకో డ్యాముకు పోవాలె.

మా నాయన పోయింది డ్యాముకు కాదు, కర్ణాటకలో ఒక కాలువ పనికి. నాకప్పుడు ఏడేండ్లు. గుంపు మేస్త్రీ వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అడ్వాన్సు లెక్కపెట్టి మా అమ్మ చేతికే ఇచ్చాడు, నాయన చేతికి కాదు. తాగుతాడని కాదు. అమ్మ తీసుకుంటే అమ్మ కూడా పనికి వచ్చినట్టే లెక్క. జంటను కొన్నట్టు. అవ్వ దగ్గర నన్నూ చెల్లెనూ విడిచి లారీ ఎక్కారు. నెలకింత బియ్యం, ఇంత నూనె, జ్వరమొస్తే గోళీలు, అన్నీ మేస్త్రీ చిట్టాలో రాసుకుంటాడు. పది నెలలకు ఇంటికొచ్చినప్పుడు నాయన అవ్వతో చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఇంకా మనమే బాకీ అంట."

ఎంత పని చేశాడు, ఘనపు మీటరుకు కాంట్రాక్టరుకు ఎంత ముట్టింది, పెద్ద మేస్త్రీకి ఎంత, గుంపు మేస్త్రీకి ఎంత, ఏదీ నాయనకు తెలియదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాల్సింది, ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సింది, అందులో కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్సు రాయాల్సింది, ప్రయాణ భత్యం ఇవ్వాల్సింది. ఆ పాస్‌బుక్ ఎట్లుంటదో చూడకుండానే మా నాయన చచ్చిపోయాడు. లెక్క చిట్టాలో ఉంది, చిట్టా మేస్త్రీ జేబులో ఉంది.

పాలమూరులో పుష్పలు లేరా అంటే ఉన్నారు. ఆ గుంపు మేస్త్రీయే మన పుష్ప. అతనూ ఒకప్పుడు తట్ట మోసినవాడే, చాలాసార్లు మన కులంవాడే, మన బంధువే. నలుగురిని కూడగట్టగలిగినందుకు మేస్త్రీ అయ్యాడు. మధ్యలో ఎవరైనా పారిపోతే కాంట్రాక్టరు ఇతని మెడ పట్టుకుంటాడు, ఇతను ఊరికొచ్చి పారిపోయినోని ఇంటి గొర్రెను తోలుకుపోతాడు. కొందరు మేస్త్రీలు ఊళ్లో స్లాబు ఇల్లు కట్టారు, ఒకరిద్దరు సర్పంచులయ్యారు. నేను వాళ్లను దొంగలని అనడం లేదు. పైకి పోవడానికి ఉన్న ఒకే ఒక్క నిచ్చెన పక్కోని భుజం మీద వేసింది. సినిమాలో పుష్ప పైకి పోయినంక దుంగలు మోసినవాళ్ల కూలి ఎంత పెరిగిందో, చెట్టు కింద పడ్డవాని పిల్లలకు ఏం దక్కిందో ఎవరైనా గమనించారా? రెండో భాగంలో ముఖ్యమంత్రి తనతో ఫొటో దిగలేదని ముఖ్యమంత్రినే మారుస్తాడు. అంత శక్తి వచ్చినోడు కూలి రేటు గురించి పట్టించుకుంటే ఆ సినిమా నేనూ మూడుసార్లు చూసేవాణ్ని.

మొన్న మొన్నటి సంగతితో ఆపుతాను. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తేవడానికి మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కొండల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. ఎస్సెల్బీసీ. నీళ్లు అడిగిన జిల్లా ఒకటి, తవ్వే జిల్లా ఇంకొకటి, రెండూ మనవే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగంలో దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. 8 మంది లోపల చిక్కుకున్నారు. ఇంజినీర్లు, మిషన్ ఆపరేటర్లు పోగా మిగిలిన నలుగురు కూలీలు జార్ఖండ్‌వాళ్లు. వారాల తరబడి వెతికి రెండు శవాలు బయటికి తీశారు. ఆ రెండింట్లో జార్ఖండ్ కూలీ ఒక్కడూ లేడు.

పాలమూరు సొరంగంలో పాలమూరు లేబర్ లేరు చూశారా. మనవాళ్లు బొంబాయిలో, పుణెలో, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల మీద ఉన్నారు. మన జాగాలోకి ఇంకా దూరం నుంచి, ఇంకా తక్కువకు వచ్చేవాళ్లను తెచ్చారు.

ఆ వార్త టీవీలో వస్తున్నప్పుడు మా చిన్నమ్మ కొడుకు నా పక్కనే ఉన్నాడు. వాని సైటులో జార్ఖండ్ పిల్లగాళ్లు పదిమంది దాకా పని చేస్తారు, ఒకే రేకుల షెడ్డులో పండుకుంటారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిండు: "అన్నా, ఆళ్లను తోలుకొచ్చిన మేస్త్రీ ఎవరంట?"

(వచ్చే భాగం: 1981, శ్రీశైలం ముంపు, అలంపూర్ - కొల్లాపూర్ ఊళ్లు)