కావలి ఎవరిది?



కొంతకాలం క్రిందట మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి గారు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, దీన్ని కాస్త మంచి తెలుగులో వ్రాసి పెట్టండి, నోటీసు బోర్డు మీద అంటించాలి" అన్నారు. తెలుగు పండితుడుగా పదవీ విరమణ చేసినవాడికి కాలనీలో దక్కే కొలువు ఇదే కనుక సంతోషంగానే పుచ్చుకున్నాను. అందులో ఆరు అంశాలున్నాయి. వాచ్‌మన్ జీతం, మంచినీళ్ళు వదిలే వేళలు, పార్కు గోడ మరమ్మతు, సీసీ కెమెరాల చందా, వానాకాలానికి ముందు మురుగుకాలువ పూడిక తీయించడం - ఇవి ఐదు. ఆరవది ఇది: బయటివారి పట్ల జాగ్రత్తగా ఉండాలి, అద్దెకున్నవారు తమ వివరాలతో పాటు తమ ఇంటికి వచ్చిపోయే వారి వివరాలు కూడా సంఘానికి తెలపాలి.

మొదటి ఐదూ అరగంటలో పూర్తయ్యాయి. ఆరవదాని దగ్గర కలం ఆగింది. వాక్యంలో దోషమేమీ లేదు. ఈ మాటను ఇంతకు ముందెక్కడో చదివానన్న స్ఫురణ ఆపింది. లేచి అలమారులోంచి కౌటిల్యుని అర్థశాస్త్రం తీశాను. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చైన గ్రంథమది. రెండవ అధికరణంలో 36వ అధ్యాయం పేరు నాగరికప్రణిధి. నగరం బాగోగులు చూసే అధికారికి నాగరికుడని పేరు. అతని క్రింద నగరంలోని నాలుగు భాగాలకు స్థానికులు, వారి క్రింద గోపులు. ఒక్కొక్క గోపుడికి 10 కుటుంబాలు, లేదా 20, లేదా 40. ఆ ఇళ్ళలోని ఆడవారి, మగవారి జాతి, గోత్రం, పేరు, చేసే పని మాత్రమే కాక ఆదాయవ్యయాలు కూడా అతనికి తెలిసి ఉండాలి. ఇంటి యజమాని తన ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో చెప్పాలి. చెప్పకపోతే ఆ రాత్రి జరిగిన నేరం అతని తలకు చుట్టుకుంటుంది. ఏమీ జరగకుండా క్షేమంగా తెల్లవారినా సరే, చెప్పనందుకు 3 పణాలు కట్టాలి. మా కార్యదర్శి గారి ఆరవ అంశానికి మూలపురుషుడు దొరికాడు!

అయితే అదే అధ్యాయంలో ఇంకొక రకం నియమాలున్నాయి. ప్రతి ఇంటివారూ ఐదు కడవల నీళ్ళు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలుసంచి వంటివి సిద్ధంగా ఉంచుకోవాలి. బజారులలో, కూడళ్ళలో నీటికుండలు బారులు తీరి ఉండాలి. వీధిలో చెత్త పోసినవారికీ, బురదనీరు నిలవచేసినవారికీ జరిమానా. ఎక్కడైనా ఇల్లంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తిరాని ఇంటియజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు దండన.

ఈ చివరి నియమం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అద్దెవాడికి సగం దండన వేశారంటే సగం బాధ్యత ఉన్నదని ఒప్పుకున్నట్టే కదా. అంటుకున్న ఇంటి ముందు అతడు అనుమానితుడు కాదు, సాయపడవలసిన పొరుగువాడు. అర్థశాస్త్ర కాలం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. శాస్త్రంలో ఉన్నదంతా వీధిలో జరిగిందని అనుకోవడమూ పొరపాటే. కానీ వాడ క్షేమానికి రెండు దారులున్నాయని ఆ ఒక్క అధ్యాయమే చెబుతోంది. ఒకటి, కొందరు కొందరిని కనిపెట్టి ఉండడం. రెండవది, అందరూ కలిసి కడవ ఎత్తడం. తరువాతి చరిత్ర అంతా ఈ రెండు దారుల పెనుగులాటగా నాకు తోస్తోంది.

మన గ్రామాల సంగతి చూద్దాం. పన్నిద్దరు ఆయగాండ్రలో తలారి ఒకడు. ఈ మాట మిక్కిలి పాతది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో మహాతలవరులు కనిపిస్తారు. ఆ తలవర శబ్దానికీ మన తలారికీ చుట్టరికం ఉన్నదని భాషావేత్తలు భావించారు. అయితే శాసనాలలోని మహాతలవరుడు రాజబంధువులతో వియ్యమందే గొప్పవాడు. గ్రామంలోని తలారి చిన్న ఇనాం చెక్కకూ, కళ్ళంలో కొలిచి ఇచ్చే మేరకూ రాత్రంతా మేలుకునేవాడు. ఒకే మాట ఎంత ఎత్తునుంచి ఎక్కడికి దిగిందో చూడండి. పైగా అనేక గ్రామాలలో ఈ కావలి పని చేసినవారి ఇళ్ళు ఊరికి వెలుపలనే ఉండేవి. ఊరిని కాచేవాడు ఊరివాడు కాడు!

తలారి కావలి ఒక ఊరికి. దానికి పైన పాలెగాళ్ళ కావలి ఉండేది. పల్లెలనూ బాటలనూ దొంగల నుండి కాస్తామని వారు రుసుము వసూలు చేసేవారు. ఇందులో మెచ్చదగిన ధర్మం ఒకటుంది: రుసుము పుచ్చుకున్నవాడు పోయిన సొమ్మును వెదకి తేవాలి, లేదా దాని విలువ తానే ఇచ్చుకోవాలి. ఇవాళ ఏ కాపలా సంస్థ ఇంత మాట ఇస్తుంది? కానీ పాలెగాడి బలం పెరిగినకొద్దీ లెక్క అడిగేవాడు లేకపోయాడు. కావలి రుసుము కప్పంగా మారింది. రుసుము కట్టని పల్లెకు కాచేవాడి వల్లనే భయం. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళను అణచివేశాడు. తరువాత కొన్నేళ్ళలో కావలి హక్కులు కంపెనీ పరమయ్యాయి. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. కావలి మాట నెల్లూరు జిల్లాలో ఒక పట్టణం పేరుగా నేటికీ నిలిచి ఉంది.

మునిసిపాలిటీలు మన మీద పైనుంచి ఊడిపడ్డాయని అనుకుంటాం. 1850 నాటి చట్టంలో మాత్రం, పట్టణవాసులు కోరుకుంటేనే అక్కడ పురపాలనకు ఏర్పాటు చేసే పద్ధతి ఉండేది. తెలుగునాట 1861లో భీమునిపట్నం పురపాలక సంఘం వెలసింది. ఆ తరువాత మద్రాసు రాజధానిలో వచ్చిన 1865 చట్టం పట్టణ పోలీసుల ఖర్చులో పెద్ద భాగాన్ని పురప్రజల పన్నుల మీద మోపింది. వీధి ఊడ్పించడానికీ దీపం పెట్టించడానికీ అని కట్టిన పన్ను కావలికే పోతే వీధికి మిగిలేదేమిటి? 1871లో వచ్చిన చట్టం ఆ భారాన్ని తొలగించింది. కావలికి ఎంత, కాలువకు ఎంత అన్న తగాదా మా సంఘం సమావేశాలలోనే పుట్టిందని నేను అపోహపడ్డాను. దానికి నూటయాభై ఏళ్ళు దాటాయి.

నేను ఉంటున్న హైదరాబాదు కథ వేరు. ఇక్కడ నగరరక్షణ కొత్వాలుది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1869లో పురపాలన మొదలైంది. నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్‌ను ఐదు భాగాలుగా విభజించారు. నాలుగు అనే సంఖ్య చూడగానే కౌటిల్యుని స్థానికులు గుర్తుకు రాక మానరు. కానీ ఈ నగరానికి అసలు పరీక్ష నిప్పుతో కాక నీటితో వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగింది. చనిపోయినవారు పదిహేను వేలని సాధారణంగా చెప్పే లెక్క. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకుని తానొక్కడూ బ్రతికాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. కొమ్మ పట్టుకున్నవాడు సొంత ఇంటివాడా, అద్దెవాడా, ఏ మొహల్లావాడు అని ఆ రోజు అడిగినవారు లేరు.

వరద తరువాత 1909లో విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇళ్ళు కట్టించింది. మూసీ దుఃఖం నుంచి నగరానికి ప్రణాళిక అనే మాట అబ్బింది. పొరుగువారి క్షేమమంటే దొంగను పట్టడం ఒక్కటే కాదు, నీటికి దారి ఇవ్వడం కూడా అని ఆనాటివారు నేర్చుకున్నారు. మనం మరచిపోయాం.

స్వాతంత్ర్యం తరువాత పేట, వాడ, మొహల్లాల నడుమ కాలనీ అనే మాట వచ్చి చేరింది. ఒక కార్యాలయం ఉద్యోగులో, ఒక గృహనిర్మాణ సంఘం సభ్యులో కలిసి స్థలం కొనుక్కున్నారు. రోడ్డు, నీరు, దీపం ఆలస్యంగా వచ్చేవి. వాటి కోసం అర్జీలు పెట్టడానికి సంక్షేమ సంఘాలు పుట్టాయి. ఇవి స్థలం కొన్నవారి సంఘాలు. కనుక సభ్యత్వం యజమానులది. ఆనాడు అద్దెకుండేవారు తక్కువ గనుక ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. ఆ నియమావళి మాత్రం మారలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలన్నది. వార్డులో ఓటు వేయడానికి ఇల్లు సొంతమై ఉండనక్కర లేదు. అదే మనిషి తన వీధి సంఘంలో మాత్రం నెలనెలా చందా ఇస్తాడు, ఓటు వేయలేడు.

ఇక కనిపెట్టి ఉండే దారి మాత్రం వెడల్పయింది. 2013లో చేసిన ప్రజాభద్రతా చట్టం జనం గుమిగూడే సంస్థలలో కెమెరాలు పెట్టాలని చెప్పింది. కాలనీలవారు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టుకునేందుకు పోలీసులు చేపట్టిన కార్యక్రమానికి 'నేను సైతం' అని పేరు. శ్రీశ్రీ పదం కెమెరా స్తంభం ఎక్కడం చూసి తెలుగు పండితుడనైన నేను నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక ఊరుకున్నాను. కెమెరా వద్దనడం నా ఉద్దేశం కాదు. గొలుసు తెంపుకుపోయినవాణ్ణి పట్టించడానికి అది పనికివస్తుంది. నేను అడిగేది ఒక్కటే: ఆ బొమ్మలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు, ఎవరికి లెక్క చెబుతారు? పాలెగాణ్ణి అడగకుండా వదిలేసిన ప్రశ్న కూడా ఇదే.

2020 అక్టోబరు 13 రాత్రి మా కాలనీలో జరిగినది చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి నగరంలో కుండపోత. ఎగువ చెరువు నిండి మా దిగువ వీధిలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. కరెంటు లేదు. కెమెరాలూ కన్ను మూశాయి. ఒంటరిగా ఉన్న ఒక పెద్దావిడను మంచంతో సహా మేడ మీదికి చేర్చినవారు నలుగురు. ఇద్దరు ఎదురింట్లో అద్దెకున్న కుర్రవాళ్ళు. ఒకరు మా వాచ్‌మన్. నాలుగవవాడు కాలనీ వెనుక బస్తీవాడు, మన నోటీసు భాషలో బయటివాడు. వారిలో ఒక్కరికీ మా సంఘంలో సభ్యత్వం లేదు. కౌటిల్యుని లెక్కన ఆ రాత్రి 12 పణాలు కట్టవలసిన యజమానులు ఎందరో ఉన్నాం. నేనూ ఒకణ్ణి. మోకాళ్ళ నొప్పి సాకు చెప్పుకుని మేడ మీద టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

ఆరవ అంశాన్ని ఇలా మార్చి వ్రాశాను: కాలనీలో నివసించే ప్రతి కుటుంబమూ, సొంతమైనా అద్దె అయినా, పేరూ ఫోను నంబరూ సంఘంలో నమోదు చేయించుకోవాలి, ఆపద వేళ ఎవరు ఎవరిని పిలవాలో తెలిపే పట్టిక అందరికీ ఇవ్వబడుతుంది. వచ్చిపోయే చుట్టాల మాట తీసివేశాను. అద్దెవారికి ఓటు, చందాల జమాఖర్చులు బోర్డు మీద పెట్టడం అని రెండు అంశాలు నా అంతట నేను చేర్చాను.

కార్యదర్శి గారు చదివి, "మాస్టారూ, మిమ్మల్ని భాష దిద్దమంటే సంగతి దిద్దారే" అన్నారు. సమావేశంలో పట్టికకు ఒప్పుకున్నారు. జమాఖర్చులు బోర్డు మీదికి వచ్చాయి. ఓటు సంగతి వచ్చే సర్వసభ్య సమావేశానికి వాయిదా పడింది. అక్కడ చేతులెత్తేది యజమానులే కనుక ఫలితం నాకు తెలియనిది కాదు. అయినా అడుగుతాను.

మీ సంఘం నియమావళి ఎక్కడో బీరువాలో ఉంటుంది. ఒకసారి తీసి, అందులో సభ్యుడంటే ఎవరని వ్రాసి ఉన్నదో చూడండి.