లేత ప్రాణుల పాత పేర్లు



మన ఓరుగల్లు పల్లెలలో ఆవు ఈనినదని వినగానే పెద్దలు అడుగు మాట ఒక్కటే: పెయ్యయా, కోడెయా? పాలు కుడుచుచున్నంత కాలము అది లేగ. బఱ్ఱె బిడ్డ దుడ్డె. ఇంకను ఈనని పడుచు బఱ్ఱె పడ్డ. కుక్క బిడ్డను కూన అందురు. పడుచు సింహమును కొదమ అందురు. ఈ పేర్లలో అనేకము పశువులను మేపినవారి నోట, పాలు పితికినవారి నోట నిలిచినవే. దూడ యెదిగిన కొలది దాని మేత మారును, దాని పని మారును. గనుక దాని పేరును మారెను. పేరు తెలిసినవానికి దాని అక్కరయు తెలిసియుండెను.

ఇంగ్లీషువారి పాత మాటలును ఇట్టివే. మనుష్యుని చేతిమీదుగా ఇంటిలో పెరిగిన గొఱ్ఱెపిల్లకు వారు 'కాసెట్' అని పేరు పెట్టిరి. తరువాత ఆ మాటకే గారాబము చేయుట అను అర్థము కలిగెను. నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన బీదవాని గొఱ్ఱెపిల్ల అట్టిదే గదా! అది అతని చేతి ముద్ద తిని, అతని గిన్నెలోనిది త్రాగి, అతనికి కుమార్తెవలె నుండెను. ఇప్పుడు బిడ్డలకు వాడు 'కిడ్' అను మాట మొదట మేకపిల్లకు మాత్రమే చెల్లెను. 'గర్ల్' అను మాట సుమారు 1300 సంవత్సరము నాటికి ఆడ మగ భేదము లేక పిల్లలందరికి చెల్లెను. 'ఇంప్' అనగా మొదట లేత మొలక, పిమ్మట సంతానము, కడకు అల్లరి పిల్లవాడనియు, చిన్న దయ్యమనియు అర్థము వచ్చెను. పసివానికి పెట్టిన పేరు ఎంత దూరము పడిపోయెనో చూడుడి.

యెషయా గ్రంథము 11వ అధ్యాయము 6వ వచనము తెరచి చూడుడి. ఆ ఒక్క వచనములోనే గొఱ్ఱెపిల్ల, మేకపిల్ల, దూడ, కొదమసింహము, కోడె అని లేత ప్రాణులు అయిదు కనబడును. వాటినన్నిటిని తోలువాడును బాలుడే. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో మన కోడె యున్న చోట 'ఫాట్లింగ్' అను మాట యున్నది. మేపి బలిపించిన పశువు పిల్ల అని దాని అర్థము. నేడు ఇంగ్లీషు దేశపు పిల్లలలో ఆ మాట నెరిగినవారు అరుదు. 1978లో వచ్చిన ఒక క్రొత్త తర్జుమాలో దానిని తీసి, ఏడాది పిల్ల అను అర్థముగల మాట వేసిరి. దొడ్డి పోయిన తరువాత దొడ్డిలోని మాటయు పోయెను.

మన మాటలను కాపాడుటకు పాటుపడినవారు లేకపోలేదు. సి. పి. బ్రౌను దొర 1852లో మద్రాసులోని క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రాక్షరశాలలో అచ్చు వేయించిన తెలుగు నిఘంటువులో కావ్యములలోని మాటలతోపాటు జనులు నిత్యము వాడుకొను మాటలకును చోటిచ్చెను. 1879లో హనుమకొండలో అమెరికను బాప్టిస్టు మిషనువారు పని ప్రారంభించినప్పుడు ఇచ్చటి పల్లెవారికి గొఱ్ఱెపిల్ల యనగా నేమో ఎవరును నేర్పవలసిన పని లేకపోయెను. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుట యన నేమో వారి కాళ్లకే తెలియును.

ఇప్పుడు మన పొలములలో ట్రాక్టరు దున్నుచున్నది. అనేక యిండ్లలో దొడ్డి లేదు. మన పిల్లలు కుక్క కూనను 'పప్పీ' యనుచున్నారు. అది పాపము కాదు. అయితే పెయ్య యన నేమో తెలియని పిల్లవాడు సంఖ్యాకాండములోని ఎఱ్ఱని పెయ్యను గూర్చి చదువునప్పుడు ఏమి గ్రహించును? పాలు కుడుచు పిల్లకును పాలు విడిచిన పిల్లకును గల భేదము నెరుగనివాడు యెషయా ఆ ఇద్దరిని ఎందుకు వేరుగా చెప్పెనో యెట్లు తెలిసికొనును? అక్షరములు చదువును గాని వాక్యము అతనికి మూసిన తలుపై యుండును.

కాబట్టి సండే స్కూలు ఉపాధ్యాయులారా, సంఘములో పశువులు కాచిన తాతను, పాలు పితికిన అవ్వను ఒక ఆదివారము పిల్లల మధ్య కూర్చుండబెట్టుడి. లేగ యేది, పడ్డ యేది, కోడెకు కాడి యెప్పుడు అలవాటు చేయుదురు, తల్లి లేని పిల్లకు పాలెట్లు పట్టుదురు అని అడిగించుడి. పిల్లలు ఆ పేర్లు వ్రాసికొందురు గాక. పిమ్మట యెషయా వచనమును వారిచేతనే చదివించుడి.